సల్కాటా తాబేలు పిల్లకు ఇంట్లో పెట్టె: తడీ వేడీ ఒకేచోట నిలిపిన ఒక కేసు

కేసు వివరం

ఏడు నెలల సల్కాటా (ఆఫ్రికన్ స్పర్డ్) తాబేలు పిల్ల, హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెరుగుతోంది. తూకం 54 గ్రాములు, పై చిప్ప పొడవు 6.2 సెంటీమీటర్లు. ఈ జాతి పిల్లలు గుడ్డులోంచి వచ్చేటప్పటికే 4.5 నుంచి 5 సెం.మీ. ఉంటాయి. అంటే ఏడు నెలల్లో పెరిగింది రెండు సెంటీమీటర్లు కూడా లేదు. ఇంటివాళ్లు చెప్పిన ఇబ్బందులు మూడు: రెండు ఆకులు కొరికి వదిలేస్తోంది, పగలంతా మూలన పడుకుంటోంది, పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉంటున్నాయి.

చూస్తే పై చిప్ప మీద ప్రతి పలకా మధ్యలో ఎత్తుగా లేచి, పలకకీ పలకకీ మధ్య లోతైన గాడి పడింది. పిరమిడింగ్ అనేది దీన్నే. పొట్ట చిప్పను బొటనవేలితో మెల్లగా ఒత్తితే లోపలికి పోతోంది. అప్పుడే పుట్టిన పిల్లలో కొద్దిగా మెత్తదనం మామూలే గానీ ఈ వయసుకు అంత ఉండకూడదు. మూత్రంతో పాటు వచ్చే తెల్లటి పదార్థం మెత్తగా జారాలి. ఇక్కడ రెండు వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగిలింది. ఒంట్లో నీరు తక్కువైందనడానికి అంతకంటే సులువైన గుర్తు లేదు. ఎక్స్‌రేలో ఎముకలు పలచగా కనిపించాయి. ముక్కు కారడం లేదు, శ్వాసలో చప్పుడు లేదు.

ఉబ్బిన కళ్లు చూడగానే విటమిన్ ఏ ఇంజెక్షన్ పొడవడం చాలాచోట్ల అలవాటైపోయింది. నీటి తాబేళ్లలో ఆ లోపం తరచూ ఉంటుంది. ఆకులు తినే నేల తాబేళ్లలో అరుదు. పైగా డోసు ఎక్కువైతే చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఈ పిల్లకు ఇవ్వలేదు. గోరువెచ్చని నీళ్ల స్నానాలు, నోటిద్వారా కాల్షియం, అంతే. అసలు వైద్యం చేయాల్సింది అది ఉంటున్న పెట్టెకు.

చట్టం మాట ముందే చెప్పాలి. మన రాయలసీమ మెట్ట పొలాల్లో కనిపించే నక్షత్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని ఇంట్లో పెంచడం నేరం. అలాంటిది చేతికి వస్తే అటవీశాఖకు అప్పగించడమే దారి. సల్కాటా విదేశీ జాతి, సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలోది. 2022 చట్ట సవరణ, 2024 నియమాల ప్రకారం దీన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఈ పిల్లకు ఆ కాగితం ఉంది.

పాత ఇల్లు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పున్న చేపల గాజు తొట్టె. పైన ఇనుప జాలీ. అడుగున ప్లాస్టిక్ గడ్డి మ్యాట్. ఒక ఎర్ర బల్బు, ఒక మెలికల యూవీ బల్బు. గోడకు అంటించిన ముల్లు తేమ మీటరు 60 శాతం చూపిస్తోంది. డిజిటల్ మీటరు పక్కన పెడితే వచ్చింది 29 శాతం. ఆ ముల్లు మీటర్లను నమ్మకపోవడం మంచిది. చాలావాటిలో ముల్లు ఏదో ఒక అంకె దగ్గర ఇరుక్కుపోతుంది.

ఎర్ర బల్బు కింద చిప్ప మీద 44 డిగ్రీలు. జానెడు దూరం జరిగితే 25. రాత్రి గదిలో ఏసీ 24 మీద నడుస్తుంది, తొట్టెలో 23కి దిగుతోంది. మెలికల బల్బు కింద, చిప్ప ఎత్తులో యూవీ ఇండెక్స్ 0.4. జాలీ కొంత తినేసింది, దూరం కొంత తినేసింది. యూవీ మీటరు ఇంట్లో ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి బల్బు వెలుగుతోంది కదా అని సరిపెట్టుకుంటారు. యూవీబీ (ఒంట్లో విటమిన్ డీ తయారవడానికి కావాల్సిన కిరణాలు) కంటికి కనిపించేది కాదు. ఎర్ర వెలుగు తాబేలుకు చీకటి అనుకోవడం ఇంకో భ్రమ. వాటికి రంగులు బాగా తెలుస్తాయి, ఎర్రదనం మీద మరీ ఆసక్తి. ఎర్ర దీపం కింద కనబడిందల్లా కొరికి చూస్తాయి.

సల్కాటా సహారా దక్షిణపు అంచుది: సెనెగల్, మాలీ, నైజర్, చాడ్, సూడాన్. ఎడారి జంతువు కదా, పొడిగా ఉండాలి అని దుకాణంలో చెప్పి పంపిస్తారు. పెద్ద తాబేళ్లు అక్కడ మీటర్ల లోతున బొరియలు తవ్వుకుని ఎండాకాలమంతా ఆ తేమలోనే గడుపుతాయి. పిల్లలు బయటికొచ్చేది వానలు పడ్డాక, పచ్చిక మొలిచాక. ఎడారి ఎండలో తిరిగే సల్కాటా పిల్ల అనేది అట్టపెట్టె మీద బొమ్మలోనే ఉంటుంది. వియన్నాలో ఇదే జాతి పిల్లలతో చేసిన ప్రయోగం 2003లో అచ్చయింది: పొడి గాలిలో పెంచినవాటికి గుట్టలు బాగా లేచాయి, తడి గాలిలో తక్కువ, మేతలో ప్రోటీన్ ప్రభావం స్వల్పమే. అయినా "ప్రోటీన్ ఎక్కువై చిప్ప లేచింది" అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

లెక్క ఎక్కడ తప్పింది

ఏసీ గదిలో గాలి 22 డిగ్రీలు, తేమ 45 శాతం అనుకుందాం. ఆ గాలే తొట్టెలోకి వచ్చి 29కి వేడెక్కితే, అందులో నీరు అంతే ఉన్నా, సాపేక్ష తేమ 30 శాతానికి పడిపోతుంది. దీపం కింద 36 దగ్గర 20 శాతమే. పైన జాలీ ఉంటే వేడి గాలి పైకి పోతూనే ఉంటుంది, కింద కొత్త పొడి గాలి వస్తూనే ఉంటుంది. ఇంటివాళ్లు గంటకోసారి స్ప్రే కొట్టేవారు. అరగంటలో మళ్లీ మొదటికి.

4 బై 2 బై 2 అడుగుల మూసిన పెట్టెలో 28 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉండాలంటే, మట్టి పోగా మిగిలిన గాలిలో ఉండాల్సిన నీరు మొత్తం సుమారు 8 గ్రాములు. రెండు టీస్పూన్లు కూడా నిండవు. కాబట్టి ఎంత నీరు పోశామన్నది కాదు సమస్య, ఉన్న గాలి బయటికి పోకుండా ఆపామా లేదా అన్నదే. మూత సరిగ్గా ఉంటే తడి మట్టే ఆ రెండు చెంచాలూ ఇస్తుంది, వేడి కూడా తక్కువ కరెంటుతో నిలుస్తుంది. తెరిచిన టబ్‌కు ప్లాస్టిక్ కవరు కప్పి, పైనుంచి దీపం వేలాడదీసేవాళ్లు కొందరున్నారు. కవరు కరిగి అంటుకునే ప్రమాదం ఉంది, అందుకని ఆ పద్ధతి మేం సూచించం.

కొత్త పెట్టె

8 బై 4 అడుగుల, 18 మి.మీ. డబ్ల్యూపీసీ (చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసిన) బోర్డు ఒకటి తీసుకుని నాలుగు 4 బై 2 ముక్కలు కోయిస్తే అడుగు, పైకప్పు, వెనక గోడ వస్తాయి. నాలుగో ముక్కను సగానికి కోస్తే రెండు పక్క గోడలు. ముందు భాగానికి కార్పెంటరు దగ్గర మిగిలిన తుక్కు చాలు: కింద 8 అంగుళాల ఎత్తు పట్టీ, పైన 3 అంగుళాల పట్టీ, మధ్యలో చానల్ పెట్టి రెండు జరిపే గాజు తలుపులు. కింది పట్టీ అంత ఎత్తు ఉండటానికి కారణం ఉంది. మట్టి 8 సెం.మీ. పోయాక కూడా తాబేలు కంటి ఎత్తులో గాజు ఉండకూడదు. గాజు కనిపిస్తే అది దారి అనుకుని రోజంతా దాన్నే గీకుతుంది.

ప్లైవుడ్ వాడాలనుకుంటే 710 గ్రేడే (తడికి తట్టుకునే మెరైన్ రకం) వాడాలి, లోపల పూత పూయాలి, పూత వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి. అయినా రెండో వానాకాలానికి అంచులు ఉబ్బుతాయి. డబ్ల్యూపీసీ తడికి చెక్కుచెదరదు గానీ వేడికి ఓర్చదు. 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. అందుకని దీపాలేవీ పైకప్పుకు తాకించకూడదు. హోల్డరు పైన, కప్పుకు రెండు సెం.మీ. ఎడంతో అల్యూమినియం రేకు బిగించాలి. లోపలి కీళ్లన్నీ సిలికాన్‌తో మూయాలి. బాత్రూముల కోసం అమ్మే బూజు నిరోధక సిలికాన్ వద్దు, అక్వేరియంకు వాడేది కావాలి. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా పిల్లను లోపల పెట్టకూడదు. వెనక గోడ పైభాగంలో 25 మి.మీ. రంధ్రాలు రెండు, అవసరమైతే మూయడానికి బిరడాలు. రోజూ మేత పెట్టడానికి తలుపు తీసినప్పుడే చాలా గాలి మారుతుంది, అంతకంటే ఎక్కువ కిటికీలు వద్దు.

వేడికీ వెలుగుకూ మూడు వేర్వేరు పరికరాలు. మొదటిది ఎండ దీపం: 60 వాట్ల రిఫ్లెక్టర్ బల్బు, ఫ్లడ్ రకం, పగలు 12 గంటలు టైమర్ మీద. స్పాట్ రకం వేడిని రూపాయి బిళ్లంత చోట గుచ్చి చిప్ప నడినెత్తిని ఎండబెడుతుంది. ఎల్ఈడీతో పని కాదు, దాని వెలుగులో వేడి ఉండదు. బల్బు ముఖం చిప్పకు 30 సెం.మీ. దూరంలో ఉండేలా వేలాడదీసి, కింద చిప్ప మీద 36 డిగ్రీలు వచ్చేదాకా పైకీ కిందికీ జరిపారు. రెండోది సిరామిక్ హీటర్, 60 వాట్లు, పెట్టె మధ్యలో, రాత్రీ పగలూ థర్మోస్టాట్ మీద. దీనికి పింగాణీ హోల్డరే వాడాలి. ప్లాస్టిక్ హోల్డరు కొన్ని వారాల్లో కమిలి వదులవుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి పిన్ను హోల్డర్లు, సిరామిక్ హీటర్లు మరలవి. అడాప్టరు పెట్టి సర్దకుండా మర హోల్డరే కొనాలి. మూడోది 22 అంగుళాల టీ5 యూవీబీ ట్యూబు, 24 వాట్లు, 10 శాతం రకం, రిఫ్లెక్టరుతో. చిప్పకు 38 సెం.మీ. ఎత్తున యూవీ ఇండెక్స్ 3.1 వచ్చింది, నీడ చివరకు వచ్చేసరికి సున్నా. రోజుకు ఆరు గంటలు చాలు. ట్యూబు వెలుగుతూనే ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది కనుక మీటరు లేనివాళ్లు ఏడాదికోసారి మార్చాలి.

అడుగున వేసే హీట్ మ్యాట్ వద్దు. వేడెక్కినప్పుడు తాబేలు మట్టి తవ్వుకుని కిందికి పోతుంది; కింద చల్లగా ఉండాలి, కాలుతూ ఉండకూడదు.

మూడూ కలిపినా 150 వాట్లు దాటవు. రోజుకు సుమారు ఒకటిన్నర యూనిట్లు. తడి పెట్టెలో కరెంటు కాబట్టి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఈ రెండూ లేని ఇంట్లో ముందు అవి పెట్టించి, తర్వాతే పెట్టె. ఇన్వర్టర్ మీదకు సిరామిక్ హీటర్ లైను ఒక్కటే మళ్లించాలి. కరెంటు లేని రెండు గంటలూ యూవీ లేకపోయినా పోయేదేమీ లేదు.

మట్టి

5 కిలోల కోకోపీట్ ఇటుక ఒకటి నానబెడితే 60 లీటర్ల పైన వస్తుంది; 8 సెం.మీ. మందానికి ఈ పెట్టెకు కావాల్సింది 58. తక్కువ ఉప్పు రకం కొనాలి. నర్సరీలలో దొరికే మామూలు ఇటుకలో ఉప్పు ఎక్కువ ఉండొచ్చు, రెండు మూడు సార్లు కడిగి పిండాలి. ఎరువు కలిపిన పాటింగ్ మిక్స్ వద్దు. ఇసుక వద్దు, తడి ఆకుతో పాటు కడుపులోకి పోయి పేగులో గడ్డకడుతుంది. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు. పరిచాక అరచేత్తో గట్టిగా అదమాలి. అదమకపోతే పొడి పొడిగా లేచి కళ్లలో పడుతుంది, నడిచేటప్పుడు కాళ్లు కూరుకుపోతాయి. దాని పైన రెండు సెం.మీ. మందాన కొబ్బరి పీచు ముక్కలు, పొడివి.

చల్లటి చివర నల్ల ప్లాస్టిక్ డబ్బా బోర్లించి 10 సెం.మీ. వెడల్పు గుమ్మం కోస్తే గుహ. నీళ్లకు పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం, అంచు మూడు సెం.మీ. మించనిది, అంచుదాకా మట్టిలో పాతాలి. దుకాణాల్లో దొరికే ర్యాంపు గిన్నెల్లో పిల్లలు వెల్లకిలా పడి మునిగిపోతాయి. ఒక చదును రాయి, రెండు మూడు చెక్క ముక్కలు చాలు. ఇంకో తాబేలు వద్దు. రెండు పిల్లలు ఒకదాని మీదొకటి పడుకుంటే ప్రేమ అనుకుంటారు. అది చోటు కోసం తొక్కడం. నెల తిరిగేసరికి ఒకటి ఎదుగుతుంది, ఇంకోటి ఆగిపోతుంది.

ఖాళీ పెట్టెను మూడు రోజులు నడిపి చూశాకే పిల్లను పెట్టాలి. నిలవాల్సిన అంకెలు ఇవి: దీపం కింద చిప్ప మీద 35 నుంచి 37, చల్లటి చివర 27 నుంచి 29, రాత్రి ఎక్కడా 26కి తగ్గకూడదు, తేమ 75 నుంచి 85 శాతం.

తర్వాత వచ్చిన ఇబ్బందులు

మొదటి వారంలో తేమ అనుకున్న హద్దులోనే నిలిచింది, బాగుంది. కానీ తెల్లవారుజామున చల్లటి చివర 23 డిగ్రీలు. తడీ చలీ కలిస్తే న్యుమోనియాకు దారి, పొడి వేడి కంటే ఇదే తొందరగా చంపుతుంది. థర్మోస్టాట్ 27.5 మీద ఉంది, పాడవలేదు. దాని ప్రోబ్‌ను (వేడిని కొలిచే తీగ కొన) సరిగ్గా సిరామిక్ హీటర్ కింద అంటించారు. అది క్షణాల్లో వేడెక్కి హీటర్‌ను ఆపేస్తోంది, మిగతా పెట్టె చలిలోనే ఉండిపోతోంది. ప్రోబ్‌ను చల్లటి చివర, మట్టికి ఐదు సెం.మీ. ఎత్తున, హీటర్ సూటిగా కనిపించని చోటికి మార్చగానే ఆ రాత్రే సర్దుకుంది.

రెండో నెలలో పొట్ట చిప్ప పలకల అంచుల్లో గులాబీ రంగు, కాస్త జిగురు. పాత అలవాటు పోక రోజూ స్ప్రే కొడుతున్నారు. పై పొర ఎప్పుడూ తడి, కింది పొర పొడి. ఉండాల్సింది దానికి తిరగేసి. స్ప్రే పూర్తిగా ఆపించి, పది రోజులకోసారి నాలుగు మూలల్లో మట్టిలోకి మొత్తం లీటరు నీళ్లు పోయమన్నాం. పైన కొబ్బరి ముక్కలు పొడిగా ఉంటే పొట్టకు తడి తగలదు, కింద నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. పొట్ట చిప్పను రోజూ తుడిచి పలచని అయోడిన్ రాస్తే రెండు వారాల్లో తగ్గింది.

చెక్క ముక్కల మీద తెల్లటి బూజు, గాజు మీద సన్నటి ఈగలు చూసి కంగారు పడ్డారు. కొత్త పెట్టెలో ఇవి మామూలే. మిగిలిన మేత సాయంత్రం తీసేస్తే, బూజు పట్టిన చోట మట్టి తిరగేస్తే కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి.

అసలు ప్రమాదం ఏప్రిల్, మే. ఏసీ ఆపి ఊరెళ్తే గది మధ్యాహ్నానికి 36 దాటుతుంది. దానికి తోడు మూసిన పెట్టెలో 60 వాట్ల దీపం టైమర్ ప్రకారం వెలుగుతూనే ఉంటుంది. సాయంత్రానికి పిల్ల బతకదు. అందుకే ఎండ దీపానికీ రెండో థర్మోస్టాట్ పెట్టించాం: చల్లటి చివర 32 దాటితే దీపం ఆరిపోతుంది. ఎండాకాలం మూడు నెలలు 40 వాట్ల బల్బు వాడితే వేడి అవసరానికి మించదు.

స్నానం, మేత, ఎండ

రోజూ పొద్దున 20 నిమిషాలు, పక్కలు ఎత్తుగా ఉన్న రంగు టబ్బులో, పై చిప్పా పొట్ట చిప్పా కలిసే గీత దాకా గోరువెచ్చని నీళ్లు. ఏడాది నిండేదాకా మానకూడదు. మేతలో గరిక, మల్బరీ ఆకు, మందార ఆకూ పువ్వూ, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు. పాలకూర, తోటకూర రోజూ వద్దు, ఆక్సలేట్ కాల్షియంను పట్టేస్తుంది. టమాటా, దోసకాయ, పండ్లు, అన్నం అసలే వద్దు. నర్సరీ నుంచి తెచ్చిన మందార మొక్కకు కొత్త ఆకులు పూర్తిగా మారేదాకా తినిపించకూడదు, పాత ఆకుల్లో మందు ఉంటుంది. వారానికి రెండు సార్లు చిటికెడు కాల్షియం కార్బొనేట్ ఆకుల మీద చల్లాలి.

బాల్కనీలో ఉదయం 9 ప్రాంతంలో 20 నిమిషాల నేరుగా ఎండ దొరికే ఇంటికి ట్యూబు ఖర్చు పెద్దగా అవసరం లేదన్నది మా అభిప్రాయం. ముసురు పట్టిన వారాల్లో దాని విలువ తెలుస్తుంది. ఎండకు పెట్టే టబ్బు గాజుది కాకూడదు, సగం నీడ ఉండాలి, పైన జాలీ ఉండాలి. కాకులు, గద్దలు క్షణంలో ఎత్తుకుపోతాయి. కిటికీ గాజులోంచి పడే ఎండలో వేడి ఉంటుంది గానీ యూవీబీ రాదు.

ఫలితం

కళ్ల ఉబ్బు మూడో వారానికి పోయింది. మూడు నెలలకు 98 గ్రాములు, 7.4 సెం.మీ. ఆరు నెలలకు 195 గ్రాములు, 9.3 సెం.మీ.; పొట్ట చిప్ప గట్టిపడింది, ఎక్స్‌రేలో ఎముక అంచులు తేరుకున్నాయి. పలకల మధ్య కొత్తగా వచ్చిన తెల్లటి పెరుగుదల చదునుగా ఉంది. పాత గుట్టలు అలాగే ఉన్నాయి, ఉంటాయి కూడా. తేమ కొత్త ఎముకను చదునుగా పెంచుతుంది గానీ లేచినదాన్ని దించదు.

చిప్ప 15 సెం.మీ. దాటేసరికి ఈ పెట్టె చాలదు, ఈ వేగంతో అది ఇంకో ఏడాదిలోపే. పెరిగిన సల్కాటా 40, 50 కిలోలు తూగుతుంది, గోడ కింద మట్టి తవ్వేస్తుంది. ఆ ఇంటివాళ్లకు శంషాబాద్ వైపు ప్రహరీ ఉన్న స్థలం ఉంది. అక్కడ ప్రహరీ పునాది ఎంత లోతుందో ఇప్పుడే తవ్వి చూసుకోమని, తక్కువైతే లోపలి వైపు రెండడుగుల లోతున రాళ్ల వరస వేయించమని, తరలించే ముందు నమోదు కాగితంలో చిరునామా మార్పించమని రాసిచ్చాం.